రాయబారానికి వెళ్లిన వ్యాపారి



స్మారకోపన్యాసం అంటే మొదటి పావుగంట దివంగతుల గుణగణాలకు కేటాయించడం మన ఆనవాయితీ. ఈ ఉపన్యాసపు ధర్మనిధి పత్రంలో దాత దాన్ని ముందే కొట్టేశారు. తన పేరు ఎత్తవద్దని, విషయమే మాట్లాడాలని, అదీ ఈ అమీర్‌పేట చుట్టుపక్కల జరిగిన చరిత్రను పట్టుకుని మాట్లాడాలని రాశారు. జీవితమంతా ఇతరుల ఖాతాలు సరిచూసిన మనిషి. పొగడ్తలు ఆయనకు దండగ పద్దులాగా కనిపించి ఉంటాయి. ఆయన మాట ప్రకారం నేరుగా విషయంలోకి వెళతాను.

ఒక రాజ్యం కూలి మరొకటి నిలబడుతున్న వేళ, లేదా ఒక రాష్ట్రం రెండవుతున్న వేళ, వ్యాపారులూ పారిశ్రామికవేత్తలూ రాయబారం నడిపితే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. సోమాజిగూడ, బేగంపేట, పంజాగుట్ట, అమీర్‌పేట, సనత్‌నగర్. ఒక మధ్యాహ్నంలో నడిచి చుట్టి రాగల ఈ ఐదు పేటల్లో 1948 ఉంది, 2009 ఉంది, 2024 కూడా ఉంది.

మీర్ లాయక్ అలీతో మొదలుపెడతాను. హైదరాబాదు సంస్థానానికి చివరి ప్రధానమంత్రి ఈయన. మన పాఠ్యపుస్తకాల్లో ఈయనకు ఒక్క వాక్యం దక్కుతుంది, మిగతా పేజీ అంతా రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ తినేస్తాడు. రజ్వీ కేకలు అందరికీ గుర్తున్నాయి. లాయక్ అలీ లెక్కలు ఎవరికీ గుర్తులేవు. నా దృష్టిలో ఆయన ప్రధానిగా ఉన్న పదినెలల కథలో ఎక్కువ నేర్పేవి రెండోవే.

లాయక్ అలీ చదువుకు ఇంజనీరు, వృత్తికి పారిశ్రామికవేత్త. సిర్పూర్ కాగితం మిల్లు, సిర్‌సిల్క్ లాంటి సంస్థల వెనుక నిలిచిన ముఖ్యుల్లో ఒకరు. అప్పటి హైదరాబాదులో పరిశ్రమ అంటే సర్కారు, ప్రైవేటు పెట్టుబడి చేయీ చేయీ కలిపి నడవడమే. నిజాం ప్రభుత్వం 1929లోనే పారిశ్రామిక ట్రస్టు నిధి పెట్టింది. ఆ నిధీ అల్లాదీన్ కంపెనీ కలిసి 1942లో మన పక్కనే సనత్‌నగర్‌లో ఆల్విన్ మెటల్ వర్క్స్ తెరిచాయి. అమీర్‌పేట నుంచి ఎర్రగడ్డ వైపు వెళ్లేవారికి ఆ పేరు తెలిసిందే. మా తరం ఎక్కిన సిటీ బస్సుల బాడీలు, మధ్యతరగతి ఇళ్లలోని ఫ్రిజ్‌లు అక్కడివే. ఇలాంటి ఊళ్లో పెద్ద పారిశ్రామికవేత్త దివాణానికి బయటివాడు కాడు. అప్పు కావాలన్నా భూమి కావాలన్నా దివాణంతో బేరం కుదుర్చుకోవడమే అతని వృత్తి. రాయబారం తనకు వచ్చిన విద్యే అనుకోవడం సహజం.

1947 అక్టోబరులో ఈయన ఎక్కడున్నారో చూడండి. జిన్నా తరఫున వాషింగ్టన్‌లో. అప్పుడే పుట్టిన పాకిస్తాన్‌కు దాదాపు 200 కోట్ల డాలర్ల అప్పు కావాలని అమెరికాను అడుగుతున్నారు. అంత అప్పు పుట్టలేదు. సరిగ్గా అదే నెల 27న, తెల్లవారకముందే, ఇక్కడ హైదరాబాదులో మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ జనం ప్రధాని ఛత్తారీ నవాబు ఇంటినీ, నిజాం న్యాయసలహాదారు వాల్టర్ మాంక్టన్ బసనూ, సర్ సుల్తాన్ అహ్మద్ ఇంటినీ చుట్టుముట్టారు. ఢిల్లీ విమానం ఎక్కాల్సిన ప్రతినిధి బృందం గడప దాటలేకపోయింది. ఛత్తారీ తప్పుకున్నారు. నవంబరు 29న భారతదేశంతో యథాతథ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. డిసెంబరు వచ్చేసరికి లాయక్ అలీ ప్రధాని. వాషింగ్టన్‌లో ఒక దేశం తరఫున అప్పడిగిన మనిషి, రెండు నెలలు తిరక్కముందే, దాని పొరుగు దేశంతో ఇంకో రాజ్యం తరఫున బేరానికి కూర్చున్నారు. దీన్ని కుట్ర అనేవాళ్లున్నారు. నాకు మాత్రం వ్యాపారి అలవాటే ఎక్కువ కనిపిస్తుంది. వ్యాపారి ఇద్దరు కక్షిదారులతో వ్యవహరించగలడు, తప్పులేదు. రాజ్యానికి ఆ వెసులుబాటు లేదు.

ప్రధాని నివాసం అప్పట్లో షా మంజిల్. సోమాజిగూడలో ఇప్పుడు గవర్నరు నివాసం ఉన్న చోటు. భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా కె.ఎం. మున్షీ 1948 జనవరిలో వచ్చి బొల్లారంలో దిగారు. ఢిల్లీలో నిజాం ఏజెంట్ జనరల్ జైన్ యార్ జంగ్ వృత్తికి వాస్తుశిల్పి. ఒక వైపు వకీలు, నవలాకారుడు. ఇంకో వైపు ఇంజనీరు, వాస్తుశిల్పి. కట్టేవాళ్లకూ వాదించేవాళ్లకూ మధ్య చర్చలు నడిచాయని సరదాగా అనుకోవచ్చు. ఆ సరదా ఎక్కువకాలం నిలవలేదు.

యథాతథ ఒప్పందం సిరా ఆరకముందే రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, 20 కోట్ల రూపాయల విలువైన భారత ప్రభుత్వ సెక్యూరిటీలను హైదరాబాదు పాకిస్తాన్‌కు అప్పుగా ఇచ్చింది. రెండు, సంస్థానంలో భారత రూపాయి చెలామణీని కట్టడి చేస్తూ, బంగారం వెండి ఎగుమతిని ఆపుతూ ఆర్డినెన్సులు వచ్చాయి. ఈ రెండో దాని దగ్గర కాస్త ఆగుదాం. హైదరాబాదుకు సొంత నాణెం ఉండేది, హాలీ సిక్కా. ఆరు కల్దారు, అంటే భారత, రూపాయలకు ఏడు హాలీ రూపాయలు, అదీ మారకం. సికింద్రాబాదు కంటోన్మెంటులో కల్దారు, మూసీ ఒడ్డున హాలీ. బెజవాడ నుంచి సరుకు తెచ్చుకునే కిరాణా వ్యాపారి జేబులో రెండూ ఉండాలి. రోజుకు నాలుగుసార్లు ఈ ఆరూ ఏడుల లెక్క వేసుకోకపోతే అతనికి పూట గడవదు. అలాంటి ఊళ్లో కల్దారు మీద కట్టడి అంటే ఢిల్లీకంటే ముందు దెబ్బ తగిలింది ఈ వ్యాపారికే. లాయక్ అలీ దృష్టిలో మాత్రం ఆ ఆర్డినెన్సు బేరంలో దాచుకునే ముక్క. అవతలివాడు ఒక మెట్టు దిగితే తానూ ఒకటి వదలవచ్చు. మిల్లుకు బొగ్గు ధర మాట్లాడేటప్పుడు ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. ఢిల్లీలో సర్దార్ పటేల్ మాత్రం దాన్ని ఒప్పందం ఉల్లంఘనగానే పద్దు రాసుకున్నారు.

1948 జూన్‌లో బేరం అంచుదాకా వచ్చింది. మౌంట్‌బాటన్ వెళ్లిపోయే రోజులు. చివరి ముసాయిదా తీసుకుని ఆయన స్వయంగా డెహ్రాడూన్ వెళ్లి, గుండెజబ్బుతో విశ్రాంతిలో ఉన్న పటేల్ సమ్మతి తెచ్చారు. ఆనాటి భారతదేశం ఇచ్చిన అతి ఉదారమైన షరతులు అవేనని, పటేల్ ఒప్పుకోవడమే ఆశ్చర్యమని చాలామంది చరిత్రకారుల మాట. హైదరాబాదు నుంచి అభ్యంతరాలు వచ్చాయి. వాటిలో ఒకటి సంస్థానానికి వ్యాపార, ఆర్థిక స్వేచ్ఛ విషయం. ఎంత సహజంగా ఉందో చూడండి! మిల్లుల యజమాని ప్రధాని అయితే అంతా పోతున్నవేళ కూడా వాణిజ్య నిబంధన కనపడుతుంది. జూన్ 21న మౌంట్‌బాటన్ విమానం ఎక్కారు. ముసాయిదా కాగితంగానే మిగిలింది.

లాయక్ అలీ చేసిన పొరపాటు ఏమిటి? మొండితనమని కొందరు, రజ్వీ చేతిలో కీలుబొమ్మ అని కొందరు అంటారు. రెండింటిలోనూ కొంత నిజముంది. నా నిర్ణయం వేరు. ఆయన కాలాన్ని సరుకనుకున్నారు. ఇంకో నెల ఆగితే మెరుగైన ధర వస్తుందనుకున్నారు. ఢిల్లీకి కశ్మీరు తలనొప్పి, మౌంట్‌బాటన్‌కు ప్రయాణపు తొందర, ఇక్కడ సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానయానవేత్త కరాచీ నుంచి రాత్రిపూట ఆయుధాలు దింపుతున్నాడు, ఐక్యరాజ్యసమితి తలుపు ఉండనే ఉంది. గోదాములో సరుకు నిలవ పెట్టిన వాడి ధీమా ఇది. కానీ అవతలి పక్షం కొనుగోలుదారు కాదు. ఊళ్లలో రజాకార్ల దాడులు పెరిగినకొద్దీ, తెలంగాణ పల్లెల్లో రైతులు సాయుధులైనకొద్దీ, సరిహద్దు దాటి కాందిశీకులు వచ్చినకొద్దీ ఆలస్యం విలువ పడిపోతూ వచ్చింది. సెప్టెంబరు 13న సైన్యం వచ్చింది. 16న పారిస్‌లో భద్రతామండలి హైదరాబాదు ఫిర్యాదు వింటున్నది. 17న లాయక్ అలీ రాజీనామా చేశారు, అదే సాయంత్రం కాల్పులు ఆగాయి. ఫిర్యాదు పత్రం ఇంకా బల్ల మీదే ఉండగా ఇక్కడ రాజ్యం లేదు.

ఆ తర్వాత మూడో రోజు జరిగినదాన్ని దగ్గరగా చూడాలి. సెప్టెంబరు 20. లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ బ్యాంకు. నిజాం ప్రభుత్వ ఖాతాలోని 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతూలా పేరిటి ఖాతాకు బదిలీ అయ్యాయి. చేయించింది లాయక్ అలీ మంత్రివర్గంలోని మొయిన్ నవాజ్ జంగ్. ఆయన లాయక్ అలీకి బంధువు, ఐక్యరాజ్యసమితికి వెళ్లిన బృందానికి నాయకుడు. కొద్దిరోజులకే నిజాం తన డబ్బు తనకు తిరిగి ఇమ్మన్నారు. బ్యాంకు ఎవరికీ ఇవ్వలేదు. దావా హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లి ఆగిపోయింది. మళ్లీ తెరుచుకుని, 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు నిజాం వారసులకూ భారతదేశానికీ అనుకూలంగా తీర్పు చెప్పేసరికి ఆ పది లక్షలు దాదాపు మూడున్నర కోట్ల పౌండ్లయ్యాయి. 71 ఏళ్లు. ఒక రాజ్యపు విదేశాంగ శాఖ మొత్తం పోయి, దాని ఆనవాలుగా మిగిలింది ఒక బ్యాంకు ఖాతా, అందులో ఆ తొమ్మిది షిల్లింగులతో సహా.

లాయక్ అలీని బేగంపేటలో గృహనిర్బంధంలో ఉంచారు. ఇప్పుడు ఫ్లైఓవర్ దిగి మనం కార్లు ఆపుకునే ఆ బేగంపేటే. 1950 మార్చిలో కాపలా కళ్లుగప్పి కరాచీ చేరారు. 1962లో తన వాదన తాను పుస్తకంగా రాసుకున్నారు. ఇక్కడ సిర్పూర్ మిల్లు, సిర్‌సిల్క్ బిర్లాల నిర్వహణలోకి వెళ్లాయి. ఆ కాగితం మిల్లు తర్వాతి కథ కూడా మన అంశానికి చెందినదే. 2014లో, తెలంగాణ ఏర్పడిన ఏడాదే, అది మూతపడింది. 2018లో జేకే పేపర్ చేతికి వచ్చి మళ్లీ నడిచింది. యజమానులు మారారు, రాజ్యాలు మారాయి. మిల్లు ఉన్న కాగజ్‌నగర్ పేరు మారలేదు.

వ్యాపారసంస్థ రాజ్యవ్యవహారంలో దిగడం హైదరాబాదుకు లాయక్ అలీతో మొదలు కాలేదు. 19వ శతాబ్ది మొదట్లో విలియం పామర్ కంపెనీ నిజాముకు నూటికి పాతిక దాకా వడ్డీకి అప్పులిచ్చింది. ఆ అప్పు తీర్చడానికి 1823లో నిజాం ప్రభుత్వం ఒక హక్కునే వదులుకుంది. ఉత్తర సర్కారుల మీద, అంటే కోస్తా జిల్లాల మీద, ఇంగ్లీషువాళ్లు ఏటా కట్టే ఏడు లక్షల పేష్కష్‌ను ఒకేసారి సుమారు కోటీ పదిహేడు లక్షలకు చెల్లు రాసుకున్నారు. అంటే కోస్తాతో హైదరాబాదుకు ఉన్న చివరి రాజకీయ బంధం ఒక షావుకారు దుకాణం బాకీ కింద జమ అయింది. ఆ దుకాణం మరుసటి ఏడాదే దివాళా తీసింది. ఆంధ్ర, తెలంగాణల సంబంధం గురించి ఇన్ని ఉపన్యాసాలు విన్నాం, ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ప్రపంచంలో ఇలాంటిదే ఇంకొకటి తలుచుకుంటే మన సంగతి తేటపడుతుంది. హాంకాంగ్‌లో కొత్త భూభాగాల కౌలు 1997తో ముగుస్తుంది. 1979లో అక్కడి బ్రిటిష్ గవర్నరు బీజింగ్ వెళ్లి అడిగినది ఆ గడువు దాటి భూమి కౌళ్లు ఇవ్వవచ్చా అని. బ్యాంకులకు కావలసిన ప్రశ్న అది. డెంగ్ షియావోపింగ్ పెట్టుబడిదారులు నిశ్చింతగా ఉండవచ్చన్నారు, కౌలు గురించి మాత్రం ఏమీ ఇవ్వలేదు. సార్వభౌమత్వం ఎవరిదో తర్వాతి అయిదేళ్లలో ప్రభుత్వాలే తేల్చుకున్నాయి. అప్పుడు వ్యాపారులను లోపలికి పిలిచారు. మౌలికచట్టం రాసే సంఘంలో లీ కాషింగ్, ఓడల యజమాని వై.కె. పావ్ లాంటివారు కూర్చున్నారు. 1997లో మొదటి పాలకుడు టంగ్ చీహ్వా, ఆయనా ఓడల కుటుంబమే. అక్కడి స్వేచ్ఛలకు తర్వాత ఏం గతి పట్టిందో వేరే ఉపన్యాసం. నేను చూపుతున్నది వరుస మాత్రమే. పెద్ద ప్రశ్న తేలాక ఆస్తులు, కౌళ్లు, కరెన్సీ, పన్నులు అన్న చోట వ్యాపారికి పని దొరికింది. లాయక్ అలీకి ఈ వరుస తలకిందులైంది. రాజ్యం ఎవరిదనే ప్రశ్నే ఆయన బల్ల మీద పడింది, ఆయనేమో అందులో కౌళ్లు వెతికారు.

మన రాయబారాల్లో అన్నిటికీ పెద్దది ఉద్యోగపర్వంలోది. తిరుపతి వేంకట కవుల నాటకం పుణ్యమా అని ఆ ఘట్టం పల్లెపల్లెకూ తెలుసు. కృష్ణుడు అయిదూళ్లదాకా దిగి వచ్చాడు. దుర్యోధనుడు సూదిమొన మోపినంత కూడా ఇవ్వనన్నాడు. అడిగినది ఊళ్లు, కాదన్నది రాజ్యం. సభకు వెళ్లకముందే కృష్ణుడికి ఆ తేడా తెలుసు.

1956కు వద్దాం, కానీ ఎక్కువసేపు ఉండను. ఆంధ్ర, తెలంగాణ ఒక రాష్ట్రం కావడానికి ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం. అటు నలుగురు, ఇటు నలుగురు: బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు, బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. ఎనిమిది మందిలో ఒక్క పారిశ్రామికవేత్తా లేడు. ఉద్యోగాలు, నీళ్లు, మిగులు ఆదాయం, మంత్రి పదవుల వాటా అన్నీ రాశారు. ప్రాంతీయ మండలికీ రాష్ట్ర ప్రభుత్వానికీ తేడా వస్తే కేంద్రాన్ని అడగవచ్చనీ రాశారు. మాట తప్పితే ఏం జరగాలో మాత్రం రాయలేదు. ఏ చిన్న భాగస్వామ్య దస్తావేజు రాసే గుమాస్తా అయినా, మాట తప్పితే ఏం జరగాలి అన్న వాక్యం లేకుండా కాగితం ముగించడు. ఆ ఒప్పందంలో నిజంగా ఒక వ్యాపారి ఉండాల్సింది. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ఈ వీధుల్లో తూటాలు పేలడానికి ఉన్న కారణాల్లో ఆ లేని వాక్యం కూడా ఒకటి.

ఇక 2009. పంజాగుట్టలో నిమ్స్. నిజాం ట్రస్టు డబ్బుతో ఎముకల ఆసుపత్రిగా మొదలైన చోటు. ప్రత్యేక తెలంగాణ కోసం నవంబరు 29న నిరాహారదీక్షకు బయలుదేరిన కె. చంద్రశేఖరరావును కరీంనగర్ దగ్గర అరెస్టు చేసి ఖమ్మం తీసుకెళ్లారు. కొద్దిరోజులకు నిమ్స్‌కు తెచ్చారు. డిసెంబరు 9 రాత్రి ఢిల్లీలో, తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటన వచ్చాక దీక్ష ముగిసింది ఇక్కడే. అదే నెలలో, అదే ఆసుపత్రిలోకి, సమైక్యాంధ్ర దీక్షలో ఉన్న విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ పోలీసుల కన్నుగప్పి వచ్చి పరుగుతో దూరడం టీవీల్లో చూశాం. ఈయన లాంకో వ్యవస్థాపకుడు. ఒక రాష్ట్రం పుడుతుందా లేదా అన్నది తేలేందుకు ఇరుపక్షాల దీక్షలకూ ఒకే ఆసుపత్రి, ఒకే గేటు. అప్పుడు ఆ గేటు ముందు బస్సు దిగిన రోగులకు లోపలికి దారి దొరకడం గగనమయింది. రాజకీయ శాస్త్రం పుస్తకాల్లో ఈ సంగతి ఉండదు.

ఆనాటి పార్లమెంటులో తెలుగు ఎంపీల పట్టిక తీస్తే గుత్తేదార్లు, మౌలికసదుపాయాల కంపెనీల వాళ్లు, సిమెంటు రేకుల వాళ్లు, విద్యుత్ కంపెనీల వాళ్లు రెండువైపులా కనిపిస్తారు. కావూరి సాంబశివరావు, రాయపాటి సాంబశివరావు ఒక వైపు. గడ్డం వివేక్, ఇంకా కొందరు మరో వైపు. పెట్టుబడి అంతా సమైక్యం వైపే ఉందన్న మాట అందుకే సగం నిజం. పెట్టుబడి రెండు పడవల్లోనూ కాలు పెట్టింది. నా ఫిర్యాదు అది కాదు. ఈ పారిశ్రామికవేత్తలు తమ తెలివి అంతా ఒకే ప్రశ్న మీద ఖర్చు పెట్టారు: విడిపోవాలా, వద్దా. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడంలో ఓటరుకంటే వారికి ఎక్కువ అర్హత లేదు. విడిపోతే ఎలా పంచుకోవాలి అన్న ప్రశ్నలో వారికి నిండా అర్హత ఉంది. దాని ముఖం చూసిన వాళ్లు తక్కువ. శ్రీకృష్ణ కమిటీ 2010 డిసెంబరు 30న నివేదిక ఇచ్చింది. హైదరాబాదు నగరానికి అందులో ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. ఆరు మార్గాలు సూచించింది. ఆరింటిలో ఏది అన్నదే మూడేళ్లు చర్చ. చివరికి 2014 ఫిబ్రవరి 13న విభజన బిల్లు వచ్చిన లోక్‌సభలో లగడపాటి మిరియాల స్ప్రే. దానికి అయిదు రోజుల తర్వాత ఆ సభలో బిల్లు పాసయింది. లగడపాటి మాట ప్రకారం రాజకీయాల నుంచి తప్పుకున్నారు. లాంకో ఇన్‌ఫ్రాటెక్‌ను 2017లో రిజర్వు బ్యాంకు పెద్ద మొండిబాకీల జాబితాలో చేర్చింది, మరుసటి ఏడాది దాని ఆస్తులు అమ్మి అప్పులు తీర్చమని ఉత్తర్వులొచ్చాయి. దీన్ని విభజనకు శిక్షగా నేను చెప్పడం లేదు. విద్యుత్ రంగం మొత్తం ఆ రోజుల్లో అలాగే ఉంది.

ఇప్పుడు ఈ సభకు నాలుగడుగుల దూరంలో ఉన్న ఇంకో రకం వ్యాపారాన్ని చూద్దాం. విభజననాటికి నాగార్జున ఎరువుల కంపెనీ ప్రధాన కార్యాలయం పంజాగుట్టలో నాగార్జునహిల్స్, ఫ్యాక్టరీ కాకినాడలో. డాక్టర్ రెడ్డీస్ చాలాకాలం అమీర్‌పేట నుంచే నడిచింది. వ్యవస్థాపకుడు కల్లం అంజిరెడ్డిది గుంటూరు జిల్లా తాడేపల్లి. ఫ్యాక్టరీలు హైదరాబాదు చుట్టూ ఉన్నాయి, శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలోనూ ఉన్నాయి. 2014 జూన్ 2న ఈ కంపెనీలకు ఏమైంది? ఏమీ కాలేదు. కంపెనీల చట్టం ఢిల్లీది. వాటాదారుడికి సరిహద్దు లేదు. ఒక్క రాత్రిలో రాష్ట్రం రెండయితే, ఇంత పెద్ద సంస్థలు ఒక్క రాయబారి అవసరం లేకుండా అవతలి గట్టుకు దాటేశాయి.

చిల్లర, టోకు వ్యాపారులకు మాత్రం అంత తేలిగ్గా జరగలేదు. జూన్ 1న హైదరాబాదు నుంచి విజయవాడకు లారీ పంపితే అది రాష్ట్రంలోపలి అమ్మకం. 2న పంపితే అంతర్రాష్ట్ర అమ్మకం. అదే సరుకు, అదే లారీ, అదే కోదాడ రోడ్డు. కొత్తగా కేంద్ర అమ్మకం పన్ను, సి-ఫారం, సరిహద్దు తనిఖీ. 2017లో జీఎస్టీ వచ్చేదాకా ఈ ఫారాలు తెప్పించుకోవడానికి గుమాస్తాల చెప్పులరిగాయి. 2015 ఏప్రిల్ నుంచి ఏపీ నంబరు వాహనాలకు తెలంగాణ పన్ను వేసింది, బస్సులు లారీలు సరిహద్దులో బారులు తీరాయి. ఇవి ముందే మాట్లాడుకోదగ్గ సంగతులు. కేవలం లెక్కలు. ఎవరి ఆత్మగౌరవానికీ భంగం కలగకుండా నాలుగు రోజులు కూర్చుంటే తేలేవి. కూర్చోబెట్టేవారు లేరు.

అమీర్‌పేట జనం వాళ్ల పని వాళ్లు చేసుకున్నారు. మైత్రివనం చుట్టూ కోచింగ్ సెంటర్లు, ఎస్.ఆర్. నగర్, బల్కంపేట హాస్టళ్లు. శ్రీకాకుళం పిల్లవాడు, ఆదిలాబాద్ పిల్లవాడు ఒకే గదిలో జావా నేర్చుకుంటూ, ఒకే మెస్సులో పప్పుచారు తిన్నారు. ఆ గోడల మీద ఫీజుల బోర్డు ఉంటుందే తప్ప ప్రాంతం బోర్డు లేదు. ఉద్యమకాలంలో భయం లేదని నేను అనను. ఉంది. ఆస్తులు అమ్ముకోవాలా అని అడిగినవాళ్లున్నారు. ఆ భయానికి చట్టంలో ఒక సెక్షన్ పెట్టారు. విభజన చట్టం 8వ సెక్షన్ ఉమ్మడి రాజధానిలో ప్రజల ప్రాణ, స్వేచ్ఛ, ఆస్తుల రక్షణ బాధ్యతను గవర్నరుకు ఇచ్చింది. 5వ సెక్షన్ పదేళ్లకు మించని ఉమ్మడి రాజధాని అంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ పదేళ్లూ వాడుకోలేదు, చాలా ముందే అమరావతికి మారింది. అమీర్‌పేట హాస్టళ్లు మాత్రం ఖాళీ కాలేదు. 2017లో మెట్రో వచ్చి రెండు లైన్లూ ఇక్కడే కలిశాక అద్దెలు ఇంకా పెరిగాయి.

పంపకం సంగతి చూస్తే మనసు చివుక్కుమంటుంది. విభజన చట్టం తొమ్మిదో షెడ్యూలులో ఆర్టీసీ లాంటి ప్రభుత్వ కంపెనీలు, కార్పొరేషన్లు తర్వాతి చేర్పులతో 91. పదో షెడ్యూలులో అకాడమీలు, శిక్షణ సంస్థలు 142. షీలా భిడే కమిటీని వేశారు, సిఫార్సులు వచ్చాయి, అభ్యంతరాలు వచ్చాయి, కాగితాలు పేరుకున్నాయి. కరెంటు బాకీ సంగతి చెబుతాను. విభజన తర్వాత కొంతకాలం ఏపీ జెన్‌కో ఇచ్చిన కరెంటుకు తెలంగాణ అసలు 3,441.78 కోట్లు, ఆలస్య రుసుము 3,315.14 కోట్లు కట్టాలని 2022 ఆగస్టులో కేంద్రం ఆదేశించింది. మాకే వాళ్లు బాకీ ఉన్నారంది తెలంగాణ. మరుసటి ఏడాది హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. అసలుకూ ఆలస్య రుసుముకూ తేడా నూట ఇరవై ఏడు కోట్లు. ఏ రెండు కంపెనీల మధ్యనైనా బాకీ ఈ స్థితికి వస్తే, డైరెక్టర్ల బోర్డు తమ ఫైనాన్స్ అధికారిని నిలబెట్టి అడుగుతుంది. ఇక్కడ అడగడానికి బోర్డు లేదు.

2024 జూన్ 2తో ఉమ్మడి రాజధాని గడువు ముగిసింది. ఆంధ్రప్రదేశ్‌కు కేటాయించిన లేక్‌వ్యూ అతిథిగృహాన్ని తెలంగాణ తీసుకుంది. ఢిల్లీలో ఆంధ్రా భవన్ పంపకానికి ఆ మార్చిలోనే కేంద్రం ఒప్పుకుంది. జూలై 6న ఇద్దరు ముఖ్యమంత్రులు, రేవంత్ రెడ్డి, చంద్రబాబు నాయుడు, బేగంపేట ప్రజాభవన్‌లో కూర్చున్నారు. లాయక్ అలీని నిర్బంధించిన పేటలోనే. ఫొటోలు బాగా వచ్చాయి. అధికారులతో ఒక కమిటీ, మంత్రులతో ఒక కమిటీ వేయాలని నిర్ణయించారు. పదేళ్ల తర్వాత కూడా మనవాళ్లు పంపకం పని అధికారులకు, మంత్రులకే అప్పజెప్పారు. అధికారికి బదిలీ భయం, మంత్రికి రేపటి పత్రిక భయం. ఇద్దరూ ఒక్క రూపాయి వదులుకోలేరు. ఎవరి దగ్గరైనా ఆ రూపాయి వదిలి పది రూపాయల పని చేసుకునే అలవాటు ఉందంటే అది వ్యాపారి దగ్గరే. ఆ అలవాటు లాయక్ అలీని ముంచింది, నిజమే. ఈ పనికి మాత్రం అదే కావాలి.

కాబట్టి ఈ వేదిక నుంచి ఒక మనవి. ఎవరినీ ఉద్దేశించి మాట్లాడాలనే ఆశ లేదు, రెండు సంస్థలను మాత్రం పేరుపెట్టి అడుగుతాను. రెడ్‌హిల్స్‌లోని తెలంగాణ ఛాంబర్ల సమాఖ్య ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ ఛాంబర్ల సమాఖ్యే. విజయవాడలో ఏపీ ఛాంబర్స్ ఉంది. రెండూ కలిసి, పార్టీల ఎంపీలను పక్కనపెట్టి, అనుభవమున్న చార్టర్డ్ అకౌంటెంట్లను, ఆస్తుల మదింపు నిపుణులను అయిదుగురిని అటు, అయిదుగురిని ఇటు ఎంచుకోండి. ఆ సంఘంలో ప్రభుత్వ కాంట్రాక్టు ఉన్నవారు వద్దు, ఎన్నికల్లో నిలబడేవారు అసలే వద్దు. ఇద్దరు ముఖ్యమంత్రులకూ లేఖ రాసి, తొమ్మిదో షెడ్యూలులో తగాదా చిన్నవైన పది కంపెనీల ఖాతాలు ముందు అడగండి. పైకం తీసుకోకుండా చేస్తామనండి. ఒప్పుకుంటే ఏడాదిలో ఆ పది తేలతాయి. ఒప్పుకోకపోతే ఎవరు కాదన్నారో పేరుతో పత్రికలకు ఇవ్వండి.